మఫ్ఖూద్ షౌహర్: ఒక హాలీవుడ్ కిస్సా, మన ఖేడ్ ఇంతెజార్

ఒకతను ఒకే ఆడమనిషిని రెండుసార్లు పెళ్లి చేసుకుంటాడు. రెండోసారి చేసుకునేటప్పుడు ఆమె ఎవరో అతనికి తెలియదు. ఆమెకు తెలుసు. తెలిసీ నోరు విప్పదు.

1942 చివర్లో ఎంజీఎం కంపెనీ విడుదల చేసిన "రాండమ్ హార్వెస్ట్" అనే సినిమా కథ ఇది. జేమ్స్ హిల్టన్ 1941లో రాసిన నవల ఆధారం. మెర్విన్ లెరాయ్ డైరెక్టర్. రొనాల్డ్ కోల్మన్, గ్రీర్ గార్సన్ జంట. మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైలలో కేబుల్ టీవీలో రాత్రయ్యేసరికి కార్టూన్ నెట్‌వర్క్ ఆగిపోయి, అదే చానెల్లో టీఎన్‌టీ పేరుతో పాత ఇంగ్లిష్ సినిమాలు వచ్చేవి. పిల్లలు ఏడుస్తూ నిద్రకు పోతే పెద్దవాళ్లు అర్థం కాని ఇంగ్లిష్‌లో ఆ నలుపు తెలుపు బొమ్మలు చూసేవాళ్లు. ఇలాంటి సినిమాలు మన ఇళ్లలోకి వచ్చిన దారి అదే.

కిస్సా మొత్తం చెప్పేస్తాను. ఎనభై ఏళ్లు దాటిన సినిమాకు సస్పెన్స్ కాపాడాల్సిన పని లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజులు. ఇంగ్లండులో మెల్‌బ్రిడ్జ్ అనే ఊరి దగ్గర మతి చెదిరినవాళ్ల ఆసుపత్రి. అందులో ఒక సిపాయి. ఫిరంగుల మోతకు పేరు, ఊరు, మా బాప్ అందరినీ మరిచాడు. మాట కూడా తడబడుతుంది. ఆసుపత్రి వాళ్లు జాన్ స్మిత్ అని రాసుకున్నారు. మన దగ్గరైతే అబ్దుల్లా అని రాసేవాళ్లేమో. 1918 నవంబర్ 11న జంగ్ ఆగిపోయిందని ఊరంతా రోడ్ల మీదికి వస్తుంది. గేటు దగ్గర కాపలావాడు కూడా అటే పోతాడు. ఇతను పొగమంచులో మెల్లగా బయటికి నడుస్తాడు. ఊరూరా తిరిగే నాటక కంపెనీలో పాడే పౌలా అనే అమ్మాయి అతన్ని చూసి, దాచి, వెంట తీసుకుని పల్లెకు పోతుంది. స్మితీ అని పిలుస్తుంది. పెళ్లవుతుంది. చిన్న ఇల్లు, కిర్రుమనే గేటు, దాని మీదికి వంగిన పూలకొమ్మ. కొడుకు పుడతాడు. స్మితీ పత్రికలకు వ్యాసాలు రాసి నాలుగు డబ్బులు సంపాదిస్తుంటాడు.

1920 నవంబర్‌లో లివర్‌పూల్ నుంచి ఒక పత్రికవాళ్లు ఉద్యోగానికి రమ్మంటారు. ఒక్క రాత్రి పని, పొద్దున వచ్చేస్తానని చెప్పి వెళ్తాడు. అక్కడ రోడ్డు దాటుతుంటే టాక్సీ గుద్దుతుంది. లేచేసరికి పాత యాదాష్త్ మొత్తం తిరిగొస్తుంది. అతను చార్ల్స్ రైనియర్. పెద్ద ఖాందాన్ కొడుకు. కానీ పౌలాతో గడిపిన కాలం పూర్తిగా చెరిగిపోతుంది. జేబులో ఒక తాళంచెవి మిగులుతుంది. అది ఏ ఇంటిదో తెలియదు.

అతను రైనియర్ల హవేలీకి వెళ్తాడు. తండ్రి పోయాడు. కారోబార్ చేతికొస్తుంది, పెద్ద సేఠ్ అవుతాడు. ఇక్కడ పౌలా ఎదురుచూస్తుంది. పసివాడు చనిపోతాడు. ఏళ్లు గడిచాక పేపర్లో ఫొటో చూసి, ఆయనే నా షౌహర్ అని గుర్తుపట్టి, మార్గరెట్ అనే పేరుతో ఆయన ఆఫీసులోనే సెక్రటరీగా చేరుతుంది. చెప్పేయకూడదా అంటారా? డాక్టర్ వద్దంటాడు. తనంతట తనకు గుర్తు రావాలి, నువ్వు చెబితే అతనికి నువ్వొక పరాయి దావాదారువే అవుతావు అని ఆయన సలహా. ఆమె సబర్ పడుతుంది. షార్ట్‌హ్యాండ్ రాసుకుంటూ, అతని మంగనీ వేరే అమ్మాయితో కుదరడం, చెడిపోవడం కూడా కళ్లారా చూస్తుంది. మధ్యలో కోర్టుకు వెళ్లి, ఏడేళ్లు దాటాయి కాబట్టి స్మితీ అనే నా భర్త చనిపోయినట్టే అని తీర్పు తెచ్చుకుంటుంది. ఆ చచ్చిపోయిన మనిషి పక్క గదిలోనే కూర్చుని ఉత్తరాలు చెబుతుంటాడు!

తర్వాత అతను పార్లమెంటు మెంబరవుతాడు. ఒక పెద్ద మనిషికి గౌరవంగా ఇల్లు నడిపే బీవీ కావాలి కదా అని సెక్రటరీనే అడుగుతాడు. ప్రేమ లేని, పేరుకు మాత్రమే అయిన రిష్తా. ఆమె ఒప్పుకుంటుంది. చివరికి కార్మికుల హర్తాళ్ తీర్చడానికి మెల్‌బ్రిడ్జ్ వెళ్లినప్పుడు వీధులు, సిగరెట్ల దుకాణం, ఆసుపత్రి గేటు ఒక్కొక్కటిగా అతనికి తడతాయి. ఆ చిన్న ఇంటి దాకా నడుస్తాడు. జేబులో తాళంచెవి తలుపుకు సరిపోతుంది. వెనక నుంచి ఆమె స్మితీ అని పిలుస్తుంది.

అంతే. ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో 11 వారాలు ఆడింది, అప్పటికి అది రికార్డు. జేమ్స్ ఏజీ అనే పేరున్న సమీక్షకుడు మాత్రం, గడ్డం గీసుకునే సబ్బును నాష్తాగా ఇష్టంగా తినగలిగినవాళ్లకు ఈ సినిమా సిఫారసు చేస్తున్నానన్న తీరులో ఎగతాళి చేశాడు. ఎగతాళికి కారణాలూ ఉన్నాయి. కోల్మన్‌కు అప్పటికి 50 దాటాయి, సినిమా మొదట్లో అతను కుర్ర సిపాయిగా కనపడాలి. ఒక దెబ్బకు పోయిన జ్ఞాపకం ఇంకో దెబ్బకు రావడం వైద్యం ఒప్పే మాట కాదు. అయితే ఆ ఎగతాళి చేసినవాళ్లు ఒకటి వదిలేశారు. కోల్మన్ నిజంగానే మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయి. 1914 అక్టోబర్ 31న బెల్జియంలో మెసీన్ దగ్గర గాయపడి సైన్యం నుంచి బయటికొచ్చినవాడు. తెర మీద ఆ తడబడే మాట, ఆ చూపు అతను ఎవరినీ అడిగి నేర్చుకోవాల్సిన పని లేకపోయింది.

ఆ 11 వారాలు హాల్లో కూర్చుని ఏడ్చినవాళ్లెవరో కూడా చూడాలి. 1942 డిసెంబర్ అది. అమెరికా యుద్ధంలోకి దిగి ఏడాది. ఇళ్లకు తార్‌లు వస్తున్నాయి. మీ కొడుకు చనిపోయాడని వచ్చేది ఒక రకం. జాడ తెలియడం లేదని వచ్చేది ఇంకో రకం. రెండో రకం తార్ అందుకున్న ఇంట్లో ఏం చేయాలి? మాతం చేయాలా, దువా చేయాలా? వాళ్లకు ఈ కథ నమ్మశక్యం కానిది కాదు. వాళ్లు కోరుకుంటున్నది అదే.

కథ మన వైపు కూడా నడిచొచ్చింది. 1956లో తమిళంలో "అమరదీపం" వచ్చింది. డైరెక్టర్ మన తెలుగువాడు తాతినేని ప్రకాశరావు, "పల్లెటూరు", "ఇల్లరికం" తీసినాయన. శివాజీ గణేశన్ యాదాష్త్ పోగొట్టుకునే మనిషి, సావిత్రి అతని కోసం వెతికే అమ్మాయి, పద్మిని మధ్యలో వచ్చే సంచార జాతి పిల్ల. రెండేళ్లకు అదే ప్రకాశరావు "అమర్ దీప్" పేరుతో దేవ్ ఆనంద్, వైజయంతిమాలలతో హిందీలో తీశాడు. మధ్యలో 1957లో బెంగాలీలో అజయ్ కర్ "హారానో సుర్" తీస్తే ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్ జంట జనాన్ని ఊపేసింది. దేశం విడిపోయి పదేళ్లే అయిన బెంగాల్‌లో తప్పిపోయిన మనిషి కథ ఎందుకు అంత ఆడిందో వేరే చెప్పాలా? ఇక మన ఇళ్ల సంగతి చూడండి. "చౌద్‌వీఁ కా చాంద్"లో పరదా మాటున మొహం పొరపడి ఇద్దరు దోస్తుల జిందగీలు తారుమారైతే నానీలు, ఫుప్పీలు అందరూ కొంగు తడుపుకుంటూ చూశారు. అదేమిటి, అడిగితే పోదా అని ఎవరూ అనలేదు. కథలో తర్కం కంటే తమకు తెలిసిన దర్ద్ ఉందా లేదా అన్నదే వాళ్లు చూసేవాళ్లు.

ఇంగ్లిష్ వాళ్లకు ఇది సినిమా కథ. మన ఫిఖహ్‌లో దీనికి ఒక పేరుంది, ఒక బాబ్ ఉంది. జాడ తెలియని మనిషిని మఫ్ఖూద్ అంటారు, మఫ్ఖూదుల్ ఖబర్. బతికున్నాడని రుజువు లేదు, పోయాడని రుజువు లేదు. అతని ఆస్తి ఎవరిది, అతని బీవీ ఎవరు, సుహాగన్‌ా, బేవానా అన్నది పదమూడు పధ్నాలుగు వందల ఏళ్ల నాటి సవాల్.

హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటి ఒక రివాయత్ ఉంది. దాని ముందు హాలీవుడ్ చిన్నబోతుంది. మదీనాలో ఒక అన్సారీ ఇషా నమాజుకని ఇంటి నుంచి బయల్దేరి మాయమయ్యాడు. బీవీ ఖలీఫా దగ్గరికి వచ్చి మొరపెట్టుకుంది. ఆయన ఇంటివాళ్లను, ఖబీలావాళ్లను పిలిపించి నిజమేనా అని విచారించి, నాలుగేళ్లు ఆగమన్నారు. నాలుగేళ్లు ఆగి మళ్లీ వచ్చింది. ఇద్దత్ పూర్తయ్యాక ఇంకో నికాహ్‌కు ఇజాజత్ దొరికింది. చేసుకుంది. అప్పుడు మొదటి షౌహర్ ప్రత్యక్షమయ్యాడు! నన్ను జిన్నాతులు ఎత్తుకుపోయాయి, తర్వాత ఈమాన్ ఉన్న జిన్నాతులు వాటితో పోరాడి నన్ను విడిపించాయి అన్నాడు. ఖలీఫా అతన్ని అబద్ధాలకోరు అనలేదు. అక్కడ ఏం తినేవాళ్లు, ఏం తాగేవాళ్లు అని అడిగి తెలుసుకున్నారు కూడా. ఆ తర్వాత అతని ముందు రెండు దారులు పెట్టారు, బీవీ కావాలా, ఇచ్చిన మహర్ వాపస్ కావాలా అని.

జిన్నాతుల సంగతి ఎవరి అఖీదా వాళ్లది, దానిలోకి పోను. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ ఔరత్ గురించి వేసిన ప్రశ్న. అంత పాత కాలంలో, కొత్తగా నిలబడుతున్న ఒక హుకూమత్, తిరిగిరాని మగవాడి కోసం ఆడమనిషి ఎన్నేళ్లు ఆగాలి అన్న విషయం కూర్చుని లెక్కపెట్టింది. ఇమామ్ మాలిక్ ఈ నాలుగేళ్ల ఫైస్లాను "మువత్తా"లో చేర్చారు. నాలుగేళ్లు, ఆపై బేవా ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు, ఆ తర్వాత ఆమె ఇష్టం.

అందరూ ఒప్పుకోలేదు. హజ్రత్ అలీ (రజి) నుంచి వచ్చిన మాట ప్రకారం ఆమె పరీక్షకు గురైన స్త్రీ, మౌత్ ఖబరో తలాఖ్ ఖబరో అందేదాకా సబర్ చేయాలి. హనఫీ మజ్హబ్ ఈ రాయ్ మీదే నడిచింది. షౌహర్ ఈడువాళ్లందరూ పోయేదాకా, అంటే అతనికి 90 ఏళ్లు వచ్చేంత దాకా ఆగాలన్న మాట ఫిఖహ్ కితాబుల్లో కనిపిస్తుంది. హనఫీలు అలా అనడానికి వాళ్ల దలీల్ వాళ్లకుంది. ఒకసారి కట్టిన నికాహ్ షక్ మీద విరగదు అన్నది అసూల్. కాగితం మీద అది గట్టి అసూలే. 25 ఏళ్ల షౌహర్ పోతే 20 ఏళ్ల పిల్ల 85 ఏళ్ల దాకా ఆగాలి. హిందుస్తాన్‌లో మనలో ఎక్కువమంది హనఫీలం అన్నది మరిచిపోకండి.

ఈ లెక్క 1930లలో తిరగబడింది. పంజాబ్ వైపు ముస్లిం ఆడవాళ్లు, వదలని మొగుడి నుంచో జాడలేని మొగుడి నుంచో బయటపడే దారి లేక, కోర్టుకెళ్లి మజ్హబ్ మార్చుకున్నామని చెప్పేవాళ్లు. అప్పటి కోర్టులు ఇర్తిదాద్‌తో నికాహ్ తెగిపోయిందని తేల్చేవి. ఉలమాలు ఉలిక్కిపడ్డారు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మదీనాలోని మాలికీ ముఫ్తీల నుంచి ఫత్వాలు తెప్పించుకుని "అల్ హీలతున్ నాజిజా" రాశారు. 1930ల మొదట్లో వచ్చిన కితాబ్ అది. జరూరత్ పడినప్పుడు హనఫీలు కూడా మాలికీ రాయ్ మీద నడవొచ్చు, ఖాజీ విచారించి నాలుగేళ్ల ముద్దత్ ఇవ్వొచ్చు, షరయీ ఖాజీ లేని చోట దీన్‌దార్ ముసల్మానుల జమాత్ కూర్చుని ఫైస్లా చేయొచ్చు అన్నారు. థాన్వీ సాహెబ్‌ను కొత్తదనం కోరే మనిషి అని ఎవరూ అనరు. "బెహిష్తీ జేవర్" రాసిన మనిషి ఆయన. అంత పాత పద్ధతి ఆలిమ్ ఇంకో మజ్హబ్ తలుపు తట్టాల్సి వచ్చిందంటే ఆ ఆడవాళ్ల హాలత్ ఎంత దూరం పోయిందో అంచనా వేయండి.

ఆ కితాబ్ వెనకే చట్టం వచ్చింది. ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర అసెంబ్లీలో పెట్టిన బిల్లు 1939 మార్చి 17న ముస్లిం వివాహాల రద్దు చట్టమైంది. రెండో సెక్షన్ మొదటి క్లాజే మన మఫ్ఖూద్. షౌహర్ జాడ నాలుగేళ్లుగా తెలియకపోతే బీవీ ఖులాసాగా కోర్టుకెళ్లొచ్చు. ఇందులో ఒక షరతుంది. డిక్రీ ఇచ్చినా ఆరు నెలల దాకా అమల్లోకి రాదు. ఆ ఆరు నెలల్లో షౌహర్ వచ్చి, కాపురం బాధ్యతలు మోస్తానని కోర్టును ఒప్పిస్తే డిక్రీ కొట్టేయాలి. అతని వారిసులకు నోటీసు పోవాలి, బాబాయో పెదనాన్నో అన్నదమ్ములో ఉంటే వారిసులు కాకపోయినా వాళ్లనూ పార్టీ చేయాలి. కేసు వినే జడ్జీ ముస్లిం అయి ఉండాలని ఉలమాలు అడిగారు, అది తీసేశారు. చాలామంది ఉలమాలకు ఆ నారాజీ చివరిదాకా పోలేదు.

ఇక్కడో చిన్న మాట. ఇంగ్లండులో ఏడేళ్లు జాడలేని భర్త చనిపోయాడని అనుకుని కోర్టు పెళ్లిని రద్దు చేసే వీలు 1937 చట్టంతోనే వచ్చింది. సినిమాలో పౌలా ఆ తీర్పు తెచ్చుకునే నాటికి, కథలోని తారీఖుల లెక్క వేస్తే, ఆ చట్టం పుట్టనే లేదు. సినిమావాళ్లు కానూన్‌ను కొన్నేళ్లు ముందుకు జరుపుకున్నారన్నమాట. మనకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. లండన్‌లో 1937, ఢిల్లీలో 1939. రెండేళ్ల తేడా. వాళ్లకు ఏడేళ్లు, మనకు నాలుగు. ముస్లిం ఔరత్ విషయంలో మన కానూన్ ఎప్పుడూ వెనకబడిందే అని టీవీ బహసుల్లో అరిచేవాళ్లకు ఈ రెండు తారీఖులు చూపించాలని నాకు ఎప్పటినుంచో సరదా. హిందూ ఆడవాళ్లకు ఇలాంటి హక్కు దేశమంతటికీ చట్టంగా వచ్చింది 1955లో, అదీ ఏడేళ్ల గడువుతో.

అయితే 1939 చట్టం బ్రిటిష్ ఇండియాది. నిజాం రాజ్యం అందులో లేదు. మన నారాయణఖేడ్ ఆనాడు నిజాం రాజ్యంలో ఉంది.

ఖేడ్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 2016కు ముందు మెదక్ జిల్లా. ఇంకా వెనక్కి, 1956 నవంబర్‌లో రాష్ట్రాల హద్దులు మార్చే దాకా, ఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో భాగం. ఇప్పటికీ మా బజారులో నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, దఖ్ఖనీ నాలుగూ చెవిన పడతాయి. హద్దులు కాగితం మీద మారాయి, రిష్తేదారీలు అటే ఉండిపోయాయి. బీదర్ జిల్లా అన్న ఆ పాత పేరు ఎందుకు ముఖ్యమో చెబుతాను.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 17కల్లా అయిపోయింది. పోలీస్ యాక్షన్ అన్నారు. అంతకుముందు రజాకార్లు పల్లెల మీద పడి చేసిన జుల్మ్‌ను దాచాల్సిన పని లేదు. ఎందరో హిందూ రైతుల ఇళ్లు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు. ఆ పగ ఆ తర్వాత తీర్చుకున్నది చాలాచోట్ల రజాకార్ల మీద కాదు, దొరికిన ముసల్మాన్ మీద. జవహర్‌లాల్ నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ ఏడాది నవంబర్ చివర్లో, డిసెంబర్‌లో జిల్లాలు తిరిగారు. ఈ ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ఎవరో ఉర్దూ చదివినవాళ్లకు తెలుసు. హైదరాబాద్‌లో "పయామ్" అఖ్బార్ నడిపినాయన, "లైలా కే ఖుతూత్" రాసినాయన. ఒక ఆడమనిషి ఖత్‌ల రూపంలో నవల రాసిన చేయి, పదహారేళ్లకు బేవాల లెక్క రాయాల్సి వచ్చింది. ఆ కమిటీ అంచనా ప్రకారం రాజ్యం మొత్తంలో 27 వేల నుంచి 40 వేల మంది పోయారు. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవి నాలుగు జిల్లాలు: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నాలుగింట్లోనే 18 వేలకు పైగా. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువాళ్లను కాపాడిన హిందువుల గురించీ, ముస్లిం నేతపనివాళ్లను కాచిన హిందూ నేతపనివాళ్ల గురించీ అదే రిపోర్టులో ఉంది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో జనం చదువుకునే వీలు 2013లో గానీ దొరకలేదు.

బీదర్ జిల్లా అంటే మన ఖేడ్ కూడా.

చచ్చిపోయినవాళ్లను లెక్కపెట్టారు. జనాజా లేచిన ఇంటికి కనీసం ఒక తారీఖు ఉంటుంది, ఆ రోజు నుంచి ఇద్దత్ మొదలవుతుంది. లాష్ దొరకని ఇంటి సంగతి? పొలం నుంచి పారిపోయినవాడు, అంగట్లోంచి మాయమైనవాడు, పట్టుకుపోయిన కాంపుల్లో ఉన్నాడో లేడో తెలియనివాడు, సరిహద్దు దాటి కరాచీ చేరినవాడు. చివరి రకం వాళ్లలో కొందరు ఖత్ రాశారు, కొందరు రాయలేదు. 1952లో పాస్‌పోర్టు వీసా పద్ధతి వచ్చాక రావాలనుకున్నవాడికీ రావడం కష్టమైపోయింది. మన వైపు ముసలమ్మలు ఈ నాలుగు రకాలకూ ఒకటే మాట వాడేవాళ్లు: గయే సో ఆయిచ్ నై. వెళ్లినవాడు రానేలేదు. చచ్చాడని అనరు, ఉన్నాడని అనరు. ఫిఖహ్ కితాబుల్లో ఉన్న మఫ్ఖూద్ తారీఫ్ వాళ్లు చదవలేదు, దఖ్ఖనీలో చెప్పేశారు.

దఖ్ఖన్ ముసల్మానుల ఇళ్లలో పెళ్లైన ఆడమనిషి మెడలో కాలీ పోత్ కా లచ్చా ఉంటుంది, నల్లపూసల దండ. హిందూ ఇళ్లలో మంగళసూత్రానికి ఉన్న స్థానం దానిది. షౌహర్ పోతే తీసేస్తారు, గాజులు తీసేస్తారు. మఫ్ఖూద్ బీవీ ఏం చేయాలి? లచ్చా తీస్తే షౌహర్‌ను తన చేత్తో చంపుకున్నట్టు. ఉంచుకుంటే సుహాగన్, కానీ ఇంట్లో రోటీ తెచ్చేవాడు లేడు, మాయకేలో ఒక మూల, ససురాల్లో ఒక మూల. ఇంకో నికాహ్ మాట ఎత్తితే మొదటివాడు రేపు వచ్చి గుమ్మంలో నిలబడితే అన్న భయం. ఆ భయం సినిమా భయం కాదు, అన్సారీ కిస్సాలో అచ్చంగా అదే జరిగింది.

ఇంగ్లిష్ సినిమాను మళ్లీ చూసినప్పుడు నాకు చార్ల్స్ రైనియర్ మీద కోపం రాలేదు, ఆసక్తీ కలగలేదు. అతనికి మరుపు ఒక రకంగా రాహత్. వ్యాపారం చేశాడు, పార్లమెంటుకు వెళ్లాడు, ఏదో వెలితిగా ఉందని తాళంచెవి తడుముకున్నాడు. గుర్తుంచుకునే పని మొత్తం ఆమె మీద పడింది. గ్రీర్ గార్సన్ మొహం ఆ సినిమాలో చాలా సేపు ఏ మాటా లేకుండా అతన్ని చూస్తూ ఉంటుంది. డైరెక్టర్‌ను మెచ్చుకోవాలంటే ఆ ఒక్క దానికి మెచ్చుకుంటాను. తీర్పు తెచ్చుకుని కూడా ఆమె ఎక్కడికీ పోదు. కానూన్ ఇచ్చిన ఆజాదీని వాడుకోకుండా మళ్లీ అతన్నే చేసుకుంటుంది, అది కథ బలహీనత అని నా ఉద్దేశం. ఆమెకు రెండో మనిషి దొరికి, ఆ తర్వాత తాళంచెవి తలుపుకు సరిపోయి ఉంటే అసలు సవాల్ అప్పుడు మొదలయ్యేది. మెల్‌బ్రిడ్జ్ రాసినవాళ్లకు అంత ధైర్యం లేదు. ఆ సవాల్ మదీనాలో ఎదురైంది, దానికి జవాబూ దొరికింది.

జవాబు దొరికినా అది ఇంటింటికీ చేరడానికి ఎంత కాలం పడుతుందో కాశ్మీర్ చూపించింది. అక్కడ 1990ల నుంచి మగవాళ్లు మాయమైన ఇళ్లలో ఆడవాళ్లను ఆధీ బేవా, అంటే సగం బేవా అని పిలవడం మొదలైంది. నాలుగేళ్ల తర్వాత వాళ్లు నికాహ్ చేసుకోవచ్చు అని వేర్వేరు మస్లక్‌ల ఉలమాలు శ్రీనగర్‌లో కూర్చుని ఒక మాట మీదికి వచ్చింది 2013 డిసెంబర్‌లో. థాన్వీ సాహెబ్ కితాబ్ వచ్చిన ఎనభై ఏళ్లకు.

మన దగ్గర? ఖేడ్ లాంటి చోట్ల 1948 తర్వాత జమాత్ కూర్చుని విచారించాలంటే కూర్చోవాల్సిన బుజుర్గులే చాలా ఊళ్లలో మిగల్లేదు. ఇక సర్కారీ కోర్టు దారి. 1939 చట్టాన్ని పాత పార్ట్-బి రాష్ట్రాల ప్రాంతాలకు, అంటే మన హైదరాబాద్ రాజ్యం ఉన్న నేలకు, విస్తరిస్తూ పార్లమెంటు 1959లో ఒక చట్టం చేసింది. అది 1960 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1948 సెప్టెంబర్‌లో 17 ఏళ్ల వయసున్న పిల్ల, మెడలో లచ్చాతో, ఆ రోజుకు 28 దాటి ఉంటుంది.